చెబితే పోయే మందు, పంచితే పెరిగే విత్తనం

మందు పేరు బయటికి చెబితే గుణం పోతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. పసరు పోసేవాడు ఏ ఆకు నూరాడో చెప్పడు. అడిగితే, చెబితే పనిచెయ్యదంటాడు. హైదరాబాదు చేపమందు సంగతీ ఇదే. ఆ మందు తయారీ 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి చెప్పాడనీ, దాన్ని బయటపెడితే మందు శక్తి పోతుందనీ బత్తిని కుటుంబం వారు చెబుతూ వచ్చారు. హేతువాదులు ఏళ్ళ తరబడి అడిగినవి రెండే ప్రశ్నలు. అందులో ఏముంది? ఎంతమంది తింటే ఎంతమందికి తగ్గింది? నేనుండే రాయపూరు చుట్టుపక్కల పల్లెల్లో బైగాలు, గునియాలు ఉంటారు. వాళ్ళ దగ్గరా ఇదే కథ.

రహస్యం వల్ల లాభం ఎవరికో ఆలోచించండి. రహస్యం ఉన్నంతకాలం పరీక్ష ఉండదు. పరీక్ష లేనంతకాలం ఓటమి ఉండదు. శాస్త్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏం చేశావో, ఎలా చేశావో చెప్పాలి. ఇంకొకడు చేసి చూడాలి. అతనికీ అదే ఫలితం వస్తేనే నీ మాట నిలుస్తుంది.

ఇంతవరకు మనకందరికీ తెలిసిందే. అయితే శాస్త్రజ్ఞులంతా ఈ నియమాన్ని పాటిస్తారా? పాటించరు. వాళ్ళూ మనుషులే. పక్క లాబ్‌వాడు ముందు అచ్చు వేసేస్తాడని భయం. గైడు కోప్పడతాడని భయం. పేటెంటు పోతుందని కంపెనీ భయం. ఈ భయాలన్నిటి బరువూ చివరికి ఇప్పుడిప్పుడే పరిశోధనలోకి వచ్చిన కుర్రవాళ్ళ మీద పడుతుంది. వాళ్ళకి పేరు లేదు, పదవి లేదు, పరికరాలు లేవు. పక్కవాళ్ళు ఇచ్చే సమాచారం, సరుకు లేకపోతే వాళ్ళు మొదటి మెట్టు కూడా ఎక్కలేరు.

జీవకణాన్ని ఒక యంత్రంలాగా భాగాలుగా చూసి, ఆ భాగాల్ని మార్చి కొత్త పని చేయించే విద్యని ఇప్పుడు ఇంజనీరింగ్ బయాలజీ అంటున్నారు. ఆ విద్య యువ పరిశోధకులు ఒకరితో ఒకరు పంచుకోవడం వల్లనే ఇంతదూరం వచ్చింది. ఆ చరిత్రలో మన రాయపూరుకి, తెలుగునేలకి కూడా కొన్ని పేజీలున్నాయి. నేను బి.కాం. చదివినవాణ్ణి. రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. జన్యువుల గురించి నాకు తెలిసింది పుస్తకాల వల్లనే. కాని ఒక వస్తువు ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వెళ్ళింది, రసీదు ఉందా, లెడ్జరులో ఎక్కిందా అని చూడటం నాకు బాగా అలవాటు. ఈ చరిత్రని ఆ కంటితోనే చూస్తాను.

ఈగల గది

న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ అనే ఆయన ఒక చిన్న గదిలో పాల సీసాల్లో ఈగల్ని పెంచేవాడు. అరటిపండు మీద వాలే చిన్న ఈగలు, డ్రోసోఫిలా. 1910లో ఆయనకి ఎర్ర కళ్ళ ఈగల మధ్య ఒక తెల్ల కళ్ళ ఈగ దొరికింది. ఆధునిక జన్యుశాస్త్రం అక్కడ ఊపందుకుంది.

ఆ గదిలో పనిచేసినవాళ్ళు ఎక్కువమంది విద్యార్థులు. ఎవరి లెక్కలు వాళ్ళు బీరువాలో దాచుకోలేదు. ఒకే గదిలో కూర్చుని ఒకరి ఫలితాలు ఒకరు చూస్తూ వాదించుకునేవారు. ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ అప్పటికి డిగ్రీ కూడా పూర్తికాని కుర్రవాడు. 1911లో ఒక రోజు గదిలో అందరూ పోగుచేసిన లెక్కల్ని ఇంటికి పట్టుకుపోయి, కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, రాత్రంతా కూర్చుని క్రోమోజోము మీద జన్యువులు ఏ వరసలో ఉంటాయో గీశాడు. ప్రపంచంలో అది మొట్టమొదటి జన్యుపటం. 1913లో అచ్చయింది. ఆ లెక్కలు అతనొక్కడివే కావు. తాళం వేసి ఉంటే ఆ పటం ఆ రాత్రి పుట్టేది కాదు. మోర్గాన్‌కి 1933లో నోబెల్ వచ్చినప్పుడు ఆ డబ్బుని స్టర్టెవాంట్, బ్రిడ్జెస్‌ల పిల్లల చదువులకి కూడా పంచాడు.

వీళ్ళు ఇంకో మంచి పని చేశారు. తమ దగ్గరున్న ఈగల రకాల్ని అడిగినవాళ్ళకి పంపేవారు. 1934లో బ్రిడ్జెస్, డెమెరెక్ కలిసి డ్రోసోఫిలా ఇన్ఫర్మేషన్ సర్వీస్ అనే సంచిక మొదలుపెట్టారు. ఏ లాబ్‌లో ఏ రకం ఈగలున్నాయి, వాటిని ఎలా పెంచాలి, ఇంకా అచ్చు కాని ఫలితాలేమిటి, ఇవన్నీ అందులో ఉండేవి. అందులో ఒక షరతు ఉంది. ఇది అచ్చయిన పత్రం కింద లెక్క కాదు, రాసినవాడి అనుమతి లేకుండా నీ వ్యాసంలో వాడుకోకూడదు. ఆ షరతే నాకు బాగా నచ్చింది. పంచుకోవడం అంటే ఊరికే తలుపులు తెరిచెయ్యడం కాదు. ఇచ్చినవాడి పేరు రిజిస్టరులో ఉంటుందన్న ధైర్యం ఉంటేనే కుర్రవాడు సగం పండిన ఫలితాన్ని బయటపెడతాడు. ఆ సంచిక స్టాకు రిజిస్టరూ, అప్పుల రిజిస్టరూ కలిపి కుట్టినట్టుంటుంది.

ఏడు వైరస్‌ల ఒప్పందం

1940ల్లో బాక్టీరియాని తినే వైరస్‌ల మీద, అంటే ఫేజ్‌ల మీద, కొద్దిమంది పనిచేస్తుండేవారు. ఎవరి ఫేజ్ వాళ్ళది, ఎవరి బాక్టీరియా వాళ్ళది. ఒకరి ఫలితం ఇంకొకరి ఫలితంతో పోల్చడానికి లేదు. ఒకడు రూపాయల్లో, ఒకడు వరహాల్లో, ఒకడు గవ్వల్లో లెక్కలు రాస్తే బాలన్స్ షీటు ఎలా కుదురుతుంది?

మాక్స్ డెల్‌బ్రుక్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1944లో తోటివాళ్ళని ఒక ఒప్పందానికి తెచ్చాడు. అందరూ ఒకే రకం ఈ-కోలి బాక్టీరియా మీద, టి1 నుంచి టి7 వరకు ఉన్న ఏడు ఫేజ్‌ల మీద, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పనిచెయ్యాలి. దీన్నే ఫేజ్ ట్రీటీ అంటారు. ఆ మరుసటి ఏడు, 1945 వేసవిలో, న్యూయార్కు దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఈ పద్ధతులు నేర్పే చిన్న కోర్సు మొదలయింది. ఎవరైనా రావచ్చు. జీవశాస్త్రం రాని భౌతికశాస్త్రజ్ఞులు కూడా వచ్చారు. అణుబాంబు చరిత్రలో పేరున్న లియో సిలార్డ్ 1947లో ఆ కోర్సులో విద్యార్థిగా కూర్చున్నాడు. 1948 వేసవిలో ఇరవై ఏళ్ళ జేమ్స్ వాట్సన్ తన గైడు లూరియాతో అక్కడికి వచ్చాడు. అయిదేళ్ళకి, 1953లో, క్రిక్‌తో కలిసి డీఎన్ఏ నిర్మాణం చెప్పాడు. ఆ డీఎన్ఏ మోడల్‌కి రోజలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో తీసిన ఎక్స్‌రే ఫోటో ఆమెకి తెలియకుండానే వాట్సన్ చూశాడన్న సంగతి కూడా మర్చిపోకూడదు. పంచుకోవడానికీ, అడక్కుండా తీసుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ఇచ్చినవాడికి తెలియాలి, పుచ్చుకున్నవాడు ఒప్పుకోవాలి.

రాయపూరు వడ్ల ఖాతా

ఇదంతా అమెరికా కథ. ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఛత్తీస్‌గఢ్‌ని ధాన్ కా కటోరా అంటారు, అంటే వడ్ల గిన్నె. ఇక్కడ అక్షయ తృతీయని అక్తి అంటారు. ఆ రోజు ఊళ్ళోవాళ్ళు ఇంటింటి నుంచి వడ్లు తెచ్చి ఠాకుర్‌దేవ్ దగ్గర పెడతారు. బైగా పూజ చేశాక ఆ గింజల్ని మళ్ళీ అందరికీ పంచుతారు. రైతు వాటిని తన విత్తనంలో కలుపుకుంటాడు. పూజ సంగతి పక్కన పెట్టండి. ఊరి విత్తనం ఊరంతా తిరుగుతోంది, అదీ అందులోని సారం. మందు పేరు దాచే బైగా చేతి మీదుగానే విత్తనం పంపకం జరగడం చూస్తే, మనిషి బుర్ర ఎంత చిత్రమైనదో తెలుస్తుంది.

ఈ విత్తనాన్ని శాస్త్రీయంగా లెక్కకి ఎక్కించినవాడు డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా. 1959లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకి డైరెక్టరయ్యారు. విదేశీ వంగడాల్ని తెగుళ్ళ పరీక్ష సరిగ్గా లేకుండా తెచ్చి దేశమంతా చల్లడాన్ని ఆయన వ్యతిరేకించారు. పదవి పోయింది. కోర్టుకి వెళ్ళి గెలిచారు. 1971లో రాయపూరులో మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థ బాధ్యత తీసుకుని, కొద్దిమంది సహాయకులతో పల్లె పల్లె తిరిగి 17,000కు పైగా వరి నమూనాలు పోగుచేశారు. ఏ ఊరిది, ఏ పేరు, ఎన్ని రోజుల పంట, గింజ ఎలా ఉంటుంది, వాసన ఉందా లేదా, అన్నీ రాయించారు. 1978లో ఆ సంస్థని మూసేశారు. సేకరణ వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళింది. 1987లో ఏర్పడిన ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం దగ్గర ఇప్పుడు 23,000కు పైగా వరి నమూనాలున్నాయి.

రిచారియా విషయంలో భక్తులున్నారు, ద్వేషులున్నారు. ఆయన చెప్పిందంతా వేదమని కొందరు, అభివృద్ధికి అడ్డుపడ్డాడని కొందరు. హేతువాదికి ఈ రెండూ అక్కర్లేదు. ఆయన వదిలిపోయిన రిజిస్టరుంది, గింజలున్నాయి. ఎవరైనా నాటి చూడవచ్చు. అది చాలు.

2002 అనే సంవత్సరం

వరి విషయంలో 2002 సంవత్సరాన్ని తేదీలతో సహా చదవాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో వరి జీనోము చిత్తుప్రతులు రెండు ఒకేసారి అచ్చయ్యాయి. ఒకటి చైనా శాస్త్రజ్ఞులది, ఇండికా వరి మీద. వాళ్ళు మొత్తం వరసని అందరికీ తెరిచి ఉండే జెన్‌బ్యాంకులో పెట్టారు. రెండోది సింజెంటా కంపెనీది, జపానికా వరి మీద. కంపెనీ తన వరసని జెన్‌బ్యాంకులో పెట్టలేదు, తన దగ్గరే ఉంచుకుని షరతుల మీద చూపిస్తానంది. పత్రిక తన నియమాన్ని సడలించి అచ్చు వేసింది. ప్రపంచంలో చాలామంది జీవశాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. ఆధారం చూపించకుండా ఫలితం ఒప్పుకోమంటే ఎలా అన్నారు. తరవాత కంపెనీ తన సమాచారాన్ని అంతర్జాతీయ ప్రభుత్వ ప్రాజెక్టుకి ఇచ్చింది. భారతదేశం కూడా ఆ ప్రాజెక్టులో ఉంది. పదకొండో క్రోమోజోములో కొంత భాగం మన ఢిల్లీ శాస్త్రజ్ఞులు చదివారు. 2005లో పూర్తి వరస అచ్చయింది, అందరికీ ఉచితం.

అదే 2002 చివర్లో అదే కంపెనీ పేరు రాయపూరు పత్రికల్లో వచ్చింది. కృషి విశ్వవిద్యాలయం సింజెంటాతో ఒప్పందం చేసుకుని, హైబ్రిడ్ వరి కోసం ఆ వరి సేకరణని వాడుకోనివ్వబోతోందని వార్త. షరతులు జనానికి చెప్పలేదు. రైతులు, విద్యార్థులు, శాస్త్రజ్ఞులు, రాజకీయ పార్టీలవాళ్ళు అందరూ వీధికెక్కారు. డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. అదే నెలలో పార్లమెంటు జీవవైవిధ్య చట్టం ఆమోదించింది.

నా అభ్యంతరం కంపెనీ విదేశీది అన్నందుకు కాదు. డబ్బు ఇస్తానన్నందుకూ కాదు. ఒప్పందం చీకట్లో జరుగుతున్నందుకు. గింజలిచ్చిన ఊళ్ళ పేర్లు రిజిస్టరులో ఉన్నాయి, ఆ ఊళ్ళవాళ్ళు మాత్రం ఒప్పందంలో లేరు. ఇష్యూ వోచరు మీద సంతకం ఉంటుంది కాని అసలు యజమానికి కబురుండదు. ఏ ఆడిటరూ దీన్ని పాస్ చెయ్యడు.

అయితే ఆ గొడవ తరవాత మన మిత్రులు కొందరు, గింజ ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకూడదు, తాళం వెయ్యండి అనడం మొదలుపెట్టారు. ఇది ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. విత్తనం బంగారం కాదు, బీరువాలో పెడితే అలాగే ఉండటానికి. కొన్నేళ్ళకి మొలకెత్తే శక్తి పోతుంది. మళ్ళీ నాటి, కోసి, కొత్త గింజ పెట్టుకోవాలి. ఒక నమూనా రెండుచోట్ల ఉంటేనే అది భద్రం. పైగా ఆ వేల రకాల్లో ఏది కరువుని తట్టుకుంటుంది, ఏది తెగులుకి లొంగదు అని తేల్చాల్సింది చేతిలో సమయం, కళ్ళలో పదును ఉన్న కుర్ర పరిశోధకులే. వాళ్ళకి అందని సేకరణ మ్యూజియమే గాని విత్తన బ్యాంకు కాదు. దీనికి రాయపూరులోనే మంచి ఉదాహరణ ఉంది. డుబ్‌రాజ్ అనే సువాసన వరి ఇక్కడ పేరుపడింది. కాని పొడుగ్గా పెరిగి పడిపోతుంది, పంటకాలం ఎక్కువ. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి విశ్వవిద్యాలయం వారు దాని గింజల్ని రేడియేషన్‌కి గురిచేసి, పొట్టిగా, త్వరగా కోతకొచ్చే డుబ్‌రాజ్‌ని తీశారు. ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు అన్నది రకం పేరులోనే ఉంది: ట్రాంబే ఛత్తీస్‌గఢ్ డుబ్‌రాజ్ మ్యూటెంట్.

ఒక జన్యువు చేసిన ప్రయాణం

రాయపూరు మండీలో ఏ వడ్లని అడిగితే స్వర్ణ, 1010 అన్న పేర్లు వినపడతాయి. ఇవి రెండూ మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టినవి. స్వర్ణ అంటే ఎం.టి.యు. 7029, 1010 అంటే కాటన్‌దొర సన్నాలు. మనవాళ్ళకిష్టమైన సాంబ మసూరి బాపట్లలో పుట్టింది, బి.పి.టి. 5204, 1986లో విడుదలయింది. స్వర్ణకీ సాంబ మసూరికీ ఇద్దరికీ పూర్వీకురాలు మసూరి. ఆ మసూరి కటక్‌లో జరిగిన జపానికా, ఇండికా సంకరాల నుంచి వచ్చి, మలేషియాలో ఎంపికయి, మళ్ళీ మన దేశానికి చేరింది. ఇది మా జిల్లా బియ్యం అని గర్వపడేముందు ఆ లెడ్జరు ఒకసారి తిరగెయ్యాలి.

సాంబ మసూరికి ఒక జబ్బుంది. బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే నిలవలేదు. దాన్ని బాగుచేసిన కథలో వోచర్లు ఎన్ని దేశాలు దాటాయో చూడండి. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి ఒకటి ఈ తెగులుకి లొంగదని కటక్‌లో కనిపెట్టారు. ఫిలిప్పైన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చారు. ఆ జన్యువుకి ఎక్స్ఏ21 అని పేరు. 1995లో కాలిఫోర్నియాలో పామెలా రొనాల్డ్ బృందం దాన్ని వేరుచేసి వరస చదివింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎక్స్ఏ21తో పాటు మరి రెండు నిరోధక జన్యువుల్ని ఒకే వరిలో కూర్చారు. ఆ వరి హైదరాబాదు చేరింది. అక్కడి వరి పరిశోధన డైరెక్టరేటు, సీసీఎంబీ కలిసి, పొలంలో జబ్బు కోసం ఎదురుచూడకుండా డీఎన్ఏ గుర్తుల్ని బట్టి మొక్కల్ని ఏరుకుంటూ, ఆ మూడు జన్యువుల్ని సాంబ మసూరిలోకి దించారు. మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయింది. రుచి అదే, తెగులు భయం లేదు.

ఒక సంస్థలో పంటల పెంపకం తెలిసినవాళ్ళు, ఇంకో సంస్థలో డీఎన్ఏ తెలిసినవాళ్ళు. రెండు మంత్రిత్వ శాఖల కింద ఉన్న రెండు ఆఫీసులు. సర్కారీ ఉద్యోగం చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, రెండు శాఖల మధ్య ఫైలు కదలడం కంటే మాలి నుంచి గింజ రావడం తేలిక. ఇక్కడ ఫైలూ కదిలింది, గింజా కదిలింది. ఆ సీసీఎంబీని 1977లో స్థాపించింది పుష్ప మిత్ర భార్గవ. జ్యోతిషాన్ని విశ్వవిద్యాలయాల్లో పాఠంగా పెట్టడం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన హేతువాది ఆయన. జన్యుమార్పిడి పంటల విషయంలో కూడా ఆయన అడిగింది ఇదే: పరీక్షల వివరాలు బయటపెట్టండి.

ఈ కథలో తేలని పద్దు కూడా ఒకటుంది. ఎక్స్ఏ21 మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. దాని మీద డబ్బొస్తే మాలి లాంటి దేశాల విద్యార్థుల చదువులకి ఇవ్వాలని 1996లో ఒక నిధి ప్రకటించారు. కంపెనీలు ఆ జన్యువుని మార్కెట్‌కి తేలేదు, నిధిలోకి డబ్బూ రాలేదు. ఉద్దేశం మంచిదే. కాని మాలి ఖాతాలో జమ సున్నా.

ఇటుకల రిజిస్టరు

ఇక సింథటిక్ బయాలజీకి వద్దాం. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థులకి ఒక చిన్న కోర్సు పెట్టారు. కణంలో పనిచేసే డీఎన్ఏ సర్క్యూట్లు మీరే గీయండి అన్నారు. 2004లో అయిదు విశ్వవిద్యాలయాల మధ్య అది పోటీ అయింది. అదే ఐజెమ్. పిల్లలు తయారుచేసిన డీఎన్ఏ భాగాలన్నిటికీ ఒకే కొలత, ఒకే అతుకు ఉండాలని టామ్ నైట్ ఒక ప్రమాణం రాశాడు. వాటిని బయోబ్రిక్స్ అన్నారు, జీవ ఇటుకలన్నమాట. ఆ ఇటుకలకి ఒక రిజిస్టరు పెట్టారు. రిజిస్టరు నుంచి తీసుకో, నువ్వు చేసింది అందులో పెట్టు, ఇదీ నియమం. 1944 నాటి ఫేజ్ ఒప్పందమే ఇది, వేషం మారింది.

మన దేశం నుంచి 2006లో బెంగుళూరు ఎన్‌సీబీఎస్ విద్యార్థులు మొదటిసారి వెళ్ళారు. 2009లో బెంగుళూరు నుంచే ఒక చిత్రమైన జట్టు వెళ్ళింది. వాళ్ళు బొమ్మలు, డిజైను చదివే విద్యార్థులు. తొలకరి పడినప్పుడు మట్టి నుంచి వచ్చే వాసన జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఆ వాసన బాక్టీరియా చేత పుట్టించారు. బయాలజీ చదవని పిల్లలు ఆ పని చెయ్యగలిగారంటే కారణం, వాళ్ళకి ముందు చేసినవాళ్ళు ఇటుకల్ని దాచుకోకపోవడమే.

అయితే ఆడిటరు ఇక్కడితో సంతకం పెట్టడు. సరుకు రిజిస్టరులో ఉంది సరే, పనిచేస్తుందా? 2010లో నేచర్ పత్రిక ఈ విషయం మీద కథనం వేసింది. పెట్టినవాళ్ళు కాక వేరొకరు పరీక్షించి పనిచేస్తోందని చెప్పిన భాగాలు సుమారు 1,500. పనిచెయ్యలేదని తెలియజేసినవి 50. ఈ 50 చూసి కొందరు సంతోషిస్తారు. నాకు అనుమానం వస్తుంది. చెడిపోయిన సరుకు రిజిస్టరు ఖాళీగా ఉంటే సరుకు చెడలేదని కాదు అర్థం, ఎవరూ రాయలేదని. ఓటమిని రాస్తే మార్కులు రావు, వ్యాసం అచ్చు కాదు. అందుకని ఒక కుర్రవాడు ఆరు నెలలు పాడుచేసుకున్న భాగాన్నే ఇంకో ఊళ్ళో ఇంకో కుర్రవాడు తెచ్చుకుని ఇంకో ఆరు నెలలు పాడుచేసుకుంటాడు. చేపమందు తిని తగ్గనివాళ్ళ లెక్క ఎవరూ రాయకపోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఈ ఇబ్బంది నుంచే ఒక మంచి సంస్థ పుట్టింది. మెలీనా ఫాన్ అనే పరిశోధక విద్యార్థినికి తన పనికి కావలసిన ప్లాస్మిడ్‌లు ఇతర లాబ్‌ల నుంచి రాబట్టడం కష్టమయింది. ప్లాస్మిడ్ అంటే జన్యువుని ఒక కణం నుంచి ఇంకో కణంలోకి మోసుకుపోయే గుండ్రటి డీఎన్ఏ ముక్క. 2004లో ఆమె ఇంటివాళ్ళతో కలిసి ఆడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టింది. శాస్త్రజ్ఞులు తమ ప్లాస్మిడ్‌లు అక్కడ ఇస్తారు. సంస్థ వాటి వరస సరిచూసి, అడిగిన లాబ్‌కి కొద్ది రుసుముతో పంపుతుంది. ఇచ్చినవాడి పేరు, అతని వ్యాసం పేరు కూడా వెళతాయి. 2012లో జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చింది. పెద్ద సంస్థలు పేటెంటు కోసం కోర్టుల్లో కొట్టుకుంటుంటే, అవే సంస్థల ప్లాస్మిడ్‌లు ఆడ్‌జీన్ నుంచి ప్రపంచంలోని లాబ్‌లకి పోస్టులో వెళ్ళాయి. ఆ పద్ధతి అంత త్వరగా అన్ని దేశాలకీ చేరడానికి ఇది పెద్ద కారణం.

మన వంతు

ఇప్పుడు మన సంగతి. జన్యు ఎడిటింగ్‌తో చేసిన రెండు వరి రకాల్ని 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో ప్రకటించారు. ఒకటి కమల, హైదరాబాదులో సాంబ మసూరి నుంచి తీసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1, ఢిల్లీలో మన కాటన్‌దొర సన్నాల నుంచి తీసింది. బయటి జన్యువు ఉండని ఇలాంటి రకాలకి జన్యుమార్పిడి పంటలకున్న నియమాల్లో కొన్నిటి నుంచి 2022లోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. దిగుబడి పెరుగుతుంది, ఉప్పునేలని తట్టుకుంటుంది అని చెప్పారు. పరీక్షల లెక్కలు చెప్పినదానికి సరిపోవడం లేదని విమర్శకులు అన్నారు. నేను ఏ పక్షమూ తీసుకోను. జన్యువు ముట్టుకోవడమే పాపమనేవాడు, సర్కారు చెప్పింది కనక నిజమేననేవాడు, ఇద్దరూ నమ్మకం మీదే మాట్లాడుతున్నారు. ప్రతి పరీక్షా కేంద్రం నుంచి వచ్చిన పచ్చి లెక్కలు, బాగున్నవీ బాగులేనివీ, అందరికీ కనపడేట్టు పెడితే వాదన సగం అక్కడే తీరిపోతుంది. రాయపూరులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ఆ లెక్కల్ని తానే వేసి చూడగలగాలి.

యువ పరిశోధకులు కలుసుకునే చోట్లు మన దేశంలోనూ వస్తున్నాయి. కొత్తగా లాబ్ పెట్టుకున్న జీవశాస్త్రజ్ఞుల కోసం 2009 నుంచి యంగ్ ఇన్వెస్టిగేటర్స్ మీటింగ్ పేరుతో సమావేశాలు జరుగుతున్నాయి. మంచిదే. కాని రెండు రోజులు కలిసి భోంచేసి, విజిటింగ్ కార్డులు మార్చుకున్నంత మాత్రాన శాస్త్రం పెరగదు. పైన చూసిన చరిత్రలో పనిచేసినవి నాలుగు. అందరికీ ఒకే కొలమానం ఉండటం. సరుకు ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో రసీదు ఉండటం. ఇచ్చినవాడి పేరు, అది గైడైనా, విద్యార్థయినా, కోండాగావ్ రైతయినా, కొట్టెయ్యకుండా ఉండటం. ఓటమి రిజిస్టరు ఒకటి నిజాయితీగా రాయడం. ఈ నాలుగిటిలో మొదటి మూడూ ఎక్కడో ఒకచోట కుదిరాయి. నాలుగోది ఇంకా ఎక్కడా సరిగ్గా కుదరలేదు.

హేతువాదులుగా మనం చెయ్యాల్సింది ఉంది. రహస్య వైద్యుణ్ణి నిలదీసినంత గట్టిగా విశ్వవిద్యాలయాన్నీ, కంపెనీనీ, సర్కారునీ కూడా లెక్క అడగాలి. పేరున్న ప్రొఫెసరు దాచినా దాచడమే. అలాగే తెలియనివాళ్ళు తలుపులు మూసెయ్యండి అని అరిస్తే వాళ్ళతో గొంతు కలపకూడదు. మన సభల్లో అద్భుతాల గుట్టు విప్పే ప్రదర్శనలు చాలా చేశాం. ఒకసారి ఎవరైనా పరిశోధక విద్యార్థిని పిలిచి, ఈ ఏడాది నీకు ఏ ప్రయోగం పనిచెయ్యలేదో చెప్పు అని అడిగి చూద్దాం. ఆ మాట సభలో ధైర్యంగా చెప్పగలిగిన పిల్లలున్న దేశంలో శాస్త్రం బతుకుతుంది.